గడప చెవి విన్న మాట

1. సోమవారం

మా రత్నాన్ని సభకి ఎంచుకున్నారు. ఈ ఒక్క ముక్క రాసుకోవడానికే కలం పట్టాను. ఈ మెరక నగరంలో అందరూ గోడకి చెబితే గోడే రాసిపెడుతుంది. నేను చెబితే మాత్రం సగం మాటలు మింగేస్తుంది. మా పల్లపు మాట దానికి ఎక్కదు. అందుకని చేత్తోనే రాస్తున్నాను. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

మెరక హైస్కూల్లో ప్రతి శుక్రవారం ‘తోటి మనసు సభ’ జరుగుతుంది. పిల్లలంతా తొడుగు చొక్కాలు వేసుకుని బెంచీల మీద కూర్చుంటారు. ఒక బిడ్డ వేదికెక్కి తన కథ చెబుతుంది. ఆ బిడ్డకి ఏమనిపిస్తే చొక్కాల్లో ఉన్న వాళ్ళందరికీ అదే అనిపిస్తుంది. ఒకసారి ఆడపిల్లల సంగతి, ఒకసారి వలస వచ్చిన వాళ్ళ సంగతి, ఒకసారి న్యాయం సంగతి. మా నూకరత్నం మూడింటికీ పనికొస్తుందని హెడ్‌మిస్ట్రెస్ ప్రజ్వల మేడం అన్నారట. ఒకే పిల్లలో మూడూ దొరకడం చాలా అరుదట. పల్లపు పేట నుంచి ఆ వేదిక ఎక్కబోయే మొదటి పిల్ల మా పిల్లే. ఆ మాట విన్నప్పటి నుంచీ నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ముసలితనంలో పుట్టిన పిల్ల కదా, అది తుమ్మినా నాకు సంబరమే.

సముద్రం మా ఊళ్ళ మీదకి వచ్చేసినప్పుడు రత్నం చంకలో పిల్ల. అప్పట్లో నేను చేపల వలలు అల్లేవాణ్ణి. ఇక్కడ చేపలు లేవు, మబ్బులున్నాయి. కొండ అంచున ఎత్తు స్తంభాలకి వలలు కడతారు. వాటికి మంచు పట్టి నీళ్ళవుతుంది, ఆ నీళ్ళే నగరమంతా తాగుతుంది. చిరిగిన మబ్బు వలలు ఇంటికి తెచ్చి నేను అతుకుతాను. స్తంభాలెక్కి కట్టేది మా ఆవిడ అనంతలక్ష్మి. నాకన్నా బాగా చిన్నది, ఒళ్ళు తేలిక, భయం అనేది లేదు. ఎక్కిందంటే రెండేసి వారాలు పైన గుడిసెలోనే ఉండిపోతుంది. ఇంట్లో వంట, బట్టలు, రత్నానికి జడ, అన్నీ నావే.

కొండ మీదకి కబురు పంపాను. “నా కూతురు కాదూ మరి” అని తిరుగు కబురు వచ్చింది.

2. బుధవారం

ప్రజ్వల మేడం ఈరోజు మా గుమ్మం తొక్కారు. పేట అంతా తొంగి చూసింది. నేను సున్నుండలు చేసి ఉంచాను. మా పేటలో నెయ్యి దొరకదు కాబట్టి అవి సగం సున్నం ఉండల్లాగే వచ్చాయి పాపం, అయినా ఆవిడ ఒకటి తిన్నారు.

ఆవిడ వెంట ఒకాయన వచ్చి మా గడప కమ్మీకి ఇత్తడి రంగులో, పువ్వులాంటి వస్తువు ఒకటి బిగించాడు. దాన్ని గడప చెవి అంటారట. సభకి ఎంచుకున్న పిల్ల ఇంట్లో పెడతారట. ఇంట్లో ఎవరి నోటి నుంచైనా నొప్పి మాట వస్తే అది పట్టుకుని బడికి చేరవేస్తుంది. పిల్లల క్షేమం కోసమే అన్నారు. గోడలకి చెవులుంటాయని మా అమ్మ అంటుంటే సామెత అనుకున్నాను.

తర్వాత మేడం నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. మర్యాద తెలిసిన మనిషి, నన్ను “అబ్బులు గారూ” అన్నారు. అంత చదువుకున్నావిడ నన్ను గారూ అంటే నేను ఎలా ఉండాలి? చేతులు కట్టుకుని వంగి విన్నాను.

“అమ్మాయి ఇంటి పనంతా చేస్తుందాండీ?”

“ఆయ్.”

“ఈ వేదిక ఎక్కడం మీకు ఇష్టమేనా?”

“ఆయ్, ఆయ్.”

మొదటిదానికి నేను ఆయ్ అన్నది పని చేస్తుందని కాదు. మేడం గారు చెప్పేది వింటున్నాను, ఆ పైన మాట సెలవియ్యండి అని. మా వైపు పెద్దవాళ్ళ దగ్గర నోరు తెరిస్తే మొదట వచ్చేది అదే. నేను ఆయ్ అన్నప్పుడల్లా ఆ ఇత్తడి పువ్వు టింగుమని మోగింది. నా మర్యాద దానికి నచ్చిందనుకున్నాను. నచ్చింది కదా అని ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువగా అన్నాను. బడి నుంచి వచ్చిన రత్నం కూడా మేడం అడిగినవాటికి ఆయ్ అంది, మళ్ళీ టింగు. ఇంటిల్లిపాదీ గుడిగంటల్లా మోగించాం.

మేడం కళ్ళు తుడుచుకున్నారు. మా ఆనందం చూసి కాబోలనుకున్నాను.

పోతూ పోతూ మా వంటింట్లోంచి నా అట్లకాడా, గరిటా అడిగి తీసుకెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. బడి కోసం అయితే పొయ్యి కూడా పీకిచ్చేవాణ్ణి.

3. శుక్రవారం

సభకి వెళ్ళాను. తండ్రిని కదా, ముందు వరసలో కుర్చీ వేశారు. చొక్కాలు పంచుతున్నారు. వారం వారం వేరేవాళ్ళ చెమట పట్టిన చొక్కాలు, ఉతికిన జాడ లేదు, పుల్లటి వాసన. నా కుర్చీ మీద ఆనాటి క్రమం రాసిన అట్ట పెట్టారు. అందులో ప్రార్థన, పరిచయం, రత్నం కథ. దాని కింద ‘కన్నీటి విరామం’ అని ఉంది. దాని కింద చల్లటి మజ్జిగ. నేను రెండుసార్లు చదివాను. ఏడుపుకి కూడా పీరియడ్ ఉందన్నమాట.

తెర తీశారు. మా రత్నం నిలబడి ఉంది. నెత్తి మీద ముసుగు, ఒక చేతిలో నా అట్లకాడ, ఇంకో చేతిలో నా గరిటె. వెనక అట్టతో చేసిన పొయ్యి. మా పిల్లకి పొయ్యి వెలిగించడం రాదు. పోయినేడు అట్టు తిరగెయ్యబోయి పిల్లి మీద వేసింది. వాళ్ళ అమ్మ కొండ మీద స్తంభాలెక్కుతుందని, వంట నేనే చేస్తానని చెప్పబోయిందట. ఆ ముక్క కథలో సరిపడదని తీసేశారట. ఆడపిల్లల సభ అంటే పొయ్యి ఉండాల్సిందేనట.

రత్నం నాకేసి చూసి నవ్వాపుకుంటోంది. మేడం మైకులో అడిగారు.

“నిన్ను చదివించడానికి మీ నాన్న ఒప్పుకున్నారా అమ్మా?”

“ఆయ్ మేడం” అంది మా పిల్ల సంతోషంగా.

వేదిక పైన గుండె దీపం ఒకటి వేలాడదీశారు, మైకులో మాట విని చొక్కాలకి బాధ పంపేది అదేనట, అది ఒక్కసారిగా ఎర్రబడింది. బెంచీల మీద పిల్లలంతా గుండెలు పట్టుకున్నారు. ఎవరో అబ్బా అన్నారు. అప్పటికి కూడా నాకు బోధపడలేదు. తర్వాత ప్రశ్న, మళ్ళీ ఆయ్, మళ్ళీ ఎరుపు. రత్నం బెదిరిపోయి నావైపు చూసింది. బెదిరేసరికి ఇంకా ఎక్కువ ఆయ్‌లు వచ్చేశాయి, పిల్లకి అలవాటు అది. హాలంతా వెక్కుతోంది. మేడం చెయ్యెత్తగానే కన్నీటి విరామం గంట కొట్టారు.

ఆ తర్వాత చూసినదానికి నాకు ఎలపరం వచ్చింది. ఏడ్చిన పిల్లలు ముక్కులు తుడుచుకుని, చొక్కాలు బుట్టలో పడేసి, మజ్జిగ కోసం తోసుకున్నారు. నాకు గుండె బాగా పిండిందంటే నాకింకా బాగా పిండిందని పందాలు. రత్నం ముసుగు తీసి వెళ్ళి ఒక బెంచీ చివర కూర్చుంటే, ఆ బెంచీ మీద అమ్మాయి జరిగి తన సంచీ అడ్డం పెట్టింది. నిమిషం కిందట మా పిల్ల బాధకి కుమిలిపోయిన అమ్మాయే.

మజ్జిగ నేను తాగలేదు.

4. ఆదివారం

ఏం రాయను. రత్నాన్ని తీసుకెళ్ళిపోయారు.

పొద్దున్నే మేడం ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. గడప చెవి విన్నదంతా లెక్క తేలిందట. మెరక మొత్తంలో ఇంత నొప్పి ఉన్న ఇల్లు ఇంకోటి లేదట. తండ్రి నోట నొప్పి, కూతురు నోట నొప్పి. అన్నం పెట్టేటప్పుడు నొప్పి, జడ వేసేటప్పుడు నొప్పి. ఇలాంటి ఇంట్లో ఆడపిల్లని ఉంచకూడదని రూలట. రక్షణ హాస్టల్లో పెడతారు. నెలాఖరు సభకి పై అధికారి వస్తారు. చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది ఆయన తేలుస్తారు.

నేను చేతులు జోడించాను. ఆయ్ అంటే నొప్పికి అరిచేది కాదు, అవునండీ అని, చిత్తమండీ అని, మా వైపు అది మర్యాద అని చెప్పాను. ఆ చెప్పడంలో కూడా ఆ మాట వచ్చింది కదా, చెవి టింగుమంది. మేడం నా భుజం మీద చెయ్యి వేశారు.

“బాధకి అలవాటు పడ్డవాళ్ళు అది మర్యాద అనే అనుకుంటారు అబ్బులు గారూ. మీ తప్పు లేదు.”

ఆ జాలి చూస్తే ఒళ్ళంతా కంపరమెత్తింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి. జాలిపడేవాళ్ళని ఏం చెయ్యగలం?

రత్నం సంచీ సర్దుకుంటూ అంది, “నాన్నా, జడ నేను వేసుకోగలను. మీరు బెంగెట్టుకోకండి.” వేసుకోలేదు. నాకు తెలుసు.

కొండ మీదకి కబురు పెట్టాను. గాలి రోజులు, స్తంభం మీద సగం కట్టిన వల ఉంది, దిగితే నగరానికి నీళ్ళు ఆగిపోతాయని వాళ్ళ మేస్త్రీ దిగనివ్వడం లేదట. ఎవరి నీళ్ళ కోసం మా ఆవిడ వేలాడుతోందో వాళ్ళే మా పిల్లని తీసుకుపోయారు.

5. గురువారం

హాస్టల్‌కి వెళ్ళాను. అద్దం ఇవతల నేను, అవతల అది. జడ వంకరగా ఉంది. అన్నం తిన్నావా అంటే “అవును” అంది. పడుకుంటున్నావా అంటే “అవును” అంది. తప్పేం లేదు, మంచి మాటే, పుస్తకాల్లో మాట. కానీ మా ఇంట్లో ఆ మాట పరాయివాళ్ళతో అనేది. గుమ్మం ముందు నిలబడ్డ పన్ను మనిషితో అనేది.

అక్కడ పలుకు దిద్దుతారట. ఆయ్ అన్నప్పుడల్లా ఒకావిడ వచ్చి తల నిమిరి, ఎక్కడ నొప్పి అని అడుగుతుందట. చెప్పేదాకా వదలదట. “ఒకసారి మోకాలు అని చెప్పాను నాన్నా, కట్టు కట్టేశారు” అంది రత్నం. లంగా ఎత్తి చూపించింది, నిజంగానే పెద్ద కట్టు. ఇద్దరం నవ్వుకున్నాం. అద్దం మీద చెరోవైపు చేతులు పెట్టి నవ్వుకున్నాం. తర్వాత నాకు ఏడుపు ఆగలేదు.

పేటలో అందరికీ సంగతి తెలిసిపోయింది. తల్లులు పిల్లల నోళ్ళు మూస్తున్నారు. మా గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు కూడా తల ఊపి ఊరుకుంటున్నారు. సముద్రం మా ఇళ్ళు తీసుకుంది, పొలాలు తీసుకుంది, పోనీ అనుకున్నాం. ఈ మాట మాత్రం మూటలో కట్టకుండానే మాతో కొండెక్కింది. దాన్ని జాలితో పీకేస్తున్నారు. రోతగా ఉంది నాకు, ఈ ఊళ్ళో మంచితనం మీదే రోత పుట్టింది.

6. శుక్రవారం, నెలాఖరు సభ

దేవుడా, ఎక్కడ మొదలుపెట్టను. ఇది సంతోషం కబురే.

ఇవాళ వలస, న్యాయం రెండూ కలిపిన సభ. పై అధికారి వచ్చారు. బల్ల మీద ఆయన పేరు ‘ఎస్. బాబు’ అని పెట్టారు. తెల్లటి దుస్తులు, మెరక మాట అద్దినట్టు మాట్లాడతారు. ఆయన ముందు మా రత్నం ఫైలు. నన్ను ఈసారి వెనక వరసలో కూర్చోబెట్టారు. బాధ పెట్టినవాడి కుర్చీ అది.

మైకు దూరంగా ఉందని ఆయన పక్కనున్న మనిషితో మెల్లిగా అన్నది మైకులో పడింది, “కూసింత ఇటు జరుపు.”

కూసింత. నా వెన్ను నిటారుగా లేచింది. మెరకలో పుట్టినవాడు కొంచెం అంటాడు, ఇంచుక అన్నా అంటాడు గానీ చచ్చినా కూసింత అనడు. వేదిక మీద రత్నం కూడా తల తిప్పి ఆయనకేసి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను రెప్ప వెయ్యలేదు.

మేడం రత్నానికి మైకు ఇచ్చి, నీ బాధ సార్‌కి చెప్పమ్మా అన్నారు. హాలంతా చొక్కాల బొత్తాలు పెట్టుకుని సిద్ధంగా ఉంది.

రత్నం చేతులు కట్టుకుంది. అచ్చం వాళ్ళ నాయనమ్మ నిలబడ్డట్టు నిలబడింది.

“చెబుతానండి. ఎండన పడొచ్చారు, తమరు భోంచేశారాండి?”

ఆయన ఫైలులో కాగితం తిప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు.

“ఆయ్.”

గుండె దీపం నిప్పులా మండింది. బెంచీలన్నీ ఒక్కసారి మూలిగాయి. ఆయన ఉలిక్కిపడి దీపం వైపు చూశాడు.

“అమ్మగారు కులాసాగా ఉన్నారాండి?” అంది మా పిల్ల, పెళ్ళిలో పలకరించినట్టు.

“ఆయ్” అనేశాడు. నోరు మూసుకోబోయాడు గానీ, అమ్మని అడిగితే ఆగే మాటా అది? మళ్ళీ ఎరుపు. ముందు వరస పిల్లలు ఒంగిపోయారు. ఒక అమ్మాయి పక్కదానితో పైకే అనేసింది, “ఏందే ఈ సారు, అన్నం తిన్నావా అంటే ఇంతగా కుమిలిపోతాండాడు.”

ఎక్కడో ఒక నవ్వు పుట్టింది. రెండో బెంచీకి పాకింది. చొక్కాలు గుండెలు పిండుతుంటే, పట్టుకుని మరీ నవ్వుతున్నారు పిల్లలు.

రత్నం నవ్వలేదు. చాలా మర్యాదగా అడిగింది.

“తమరిని ఏ హాస్టల్లో వేస్తారండి?”

ఆయన మొహం చూశాను. ఒక్క క్షణం ఆ మొహంలో మా వైపు మనిషి కనబడ్డాడు. ఎవరో సూరిబాబో, సుబ్బారాయుడో, ఏట్లో ఈదిన కుర్రాడు. ఇప్పుడు చెబుతాడు, తప్పు జరిగిందని, ఈ చెవికీ దీపానికీ మా మాట తెలియదని చెబుతాడు అనుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా.

చెప్పలేదు. జేబురుమాలు తీశాడు. కళ్ళకి అద్దుకున్నాడు. అచ్చమైన మెరక భాషలో, తాను కూడా వలస బిడ్డనేనని, ఇన్నాళ్ళూ దాచుకున్న వేదనని ఈ దీపం బయటపెట్టిందని, ఈ యంత్రానికి తాను శిరసు వంచుతున్నానని ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన అంత ఏడుస్తున్నా దీపం తెల్లగానే ఉంది. ఒక్క చొక్కా కదల్లేదు. అది ఎవరూ గమనించలేదు. మేడం వెక్కుతూ గంట కొట్టించారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల చాటున ఆయన మైకు మీద చెయ్యి పెట్టి, మేడంతో “ఆ ఫైలు మూసెయ్యండి, అమ్మాయిని ఇంటికి పంపండి” అన్నాడు. చెయ్యి సరిగ్గా అడ్డం పెట్టలేదు, నాకు వినబడింది.

నేను బెంచీలు తొక్కుకుంటూ పోయాను. ముసలాణ్ణి, ఎవరి కాలు తొక్కానో తెలియదు. రత్నం మెట్లు దిగకుండా దూకింది. పట్టుకున్నాను. అక్కడే, ఆ మజ్జిగ గ్లాసుల మధ్యనే నిలబెట్టి దాని వంకర జడ విప్పి మళ్ళీ వేశాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను. పిల్లలు చూశారు కూడా. తొడుగు చొక్కాలు విప్పేసి, మామూలు కళ్ళతోనే చూశారు.

7. సోమవారం

అనంతలక్ష్మి దిగొచ్చింది. వల కట్టడం పూర్తిచేసి మరీ వచ్చింది. వచ్చీరాగానే రత్నాన్ని మీద వేసుకుని గుమ్మంలోనే కూలబడింది. ఈ ఇల్లు ఇంత నిండుగా ఎప్పుడూ లేదు. నేను కింద నుంచి తెప్పించిన ఎండుచేపలతో పులుసు పెట్టాను. మా ఆనందం పేటంతా కమ్మగా కొట్టింది.

బడి దారిలో కొత్త అట్ట వేలాడదీశారు. వచ్చే శుక్రవారం సభ పేరు ‘ఆయ్: పల్లపు ప్రజల ఆర్తనాదం’. పిల్లలందరూ కలిసి ఆ మాట నూటెనిమిది సార్లు పలుకుతారట. ముఖ్య అతిథి ఎస్. బాబు గారు. తర్వాత మజ్జిగ. తప్పు అన్న మాట ఇప్పటిదాకా ఒక్క నోటి నుంచీ రాలేదు. ఆ అట్ట ముందు నిలబడి రోడ్డు పక్కన ఉమ్మేశాను. ఇంతకంటే రాయడానికి నా దగ్గర మంచి మాట లేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మెరకకి రెండూ ఎక్కవు కాబోలు, రెండిటికీ వలలు కట్టుకోవాల్సిందే.

గడప చెవి ఇంకా అక్కడే ఉంది. బిగించే ఆఫీసు వేరు, విప్పే ఆఫీసు వేరట.

అన్నాలకి కూర్చున్నాం. హాస్టల్ అలవాటు ఇంకా పోలేదు, ఏమడిగినా రత్నం అవును అంటోంది. నేను వడ్డిస్తున్నాను. వాళ్ళ అమ్మ పులుసు కలిపి ముద్ద నోట్లో పెట్టి, “ఉప్పు సరిపోయిందే?” అంది.

“ఆయ్” అంది రత్నం, నోటి నిండా ముద్దతో.

టింగు.

ముగ్గురం చేతులు ఆపి గడప వైపు చూశాం. అనంతలక్ష్మి గొంతు తగ్గించి, “మళ్ళీ ఎవరైనా వస్తారేమోనండీ” అంది.

“వస్తే భోంచేశారా అని అడుగుదామమ్మా” అంది మా పిల్ల.

నేను గరిటె పక్కన పెట్టి, చెవికి బాగా వినబడేలా గడప వైపు తిరిగి, గొంతెత్తి అన్నాను.

“ఆయ్.”